పంచనామాలో లేని బాట

మా మామ బతికున్నన్నాళ్లూ ఒక మాట పదే పదే చెప్పేవాడు. సర్కారు మనిషి ఎవడొచ్చి అడిగినా మన భూమిలో బాట ఉన్నదని మాత్రం చెప్పొద్దని. చెప్తే రాసుకుంటాడు, రాసుకుంటే అది అందరి బాట అవుతుంది, రేపు మన నేల మీద మందికి నడిచే హక్కు వస్తుందని ఆయన భయం. ఆ మాట ఇంట్లో మగవాళ్లెవరూ గుర్తు పెట్టుకోలేదు. నేను పెట్టుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సంగతి తలచుకుంటే ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండుతుందో మాత్రం రోజుకో రకం. ఒకరోజు మా బావ మీద, ఒకరోజు మా ఆయన మీద, ఎక్కువ రోజులు నా మీద నాకే.

మా ఇల్లు పాత బస్తీ గల్లీల్లో ఉండేది. కంచ మాత్రం జహనుమా దాటాక, ఇళ్లు పలచబడి బండలు మొదలయ్యే చోట. కంచ అంటే మేత కోసం వదిలిన నేల. దున్నేది లేదు, విత్తేది లేదు. మామ వాళ్ల తాత కాలం నుంచి అందులో గడ్డి పెరుగుతుంది, బర్రెలు మేస్తాయి, పాలు బస్తీలోకి పోతాయి. ముందు వైపు పెద్ద సడక్. ఎడమ వైపు బండ్లు పోయే మట్టి దారి. కుడి వైపు ఎవరో నవాబు గారి తోట ప్రహరీ, నిచ్చెన వేసినా అందనంత ఎత్తు. వెనక అంతా గుండ్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న పెద్ద పెద్ద బండరాళ్లు. ఆ గుండ్లకూ ఆ ప్రహరీకీ మధ్య మూలలో మా బావి. బావి పక్కన రాతి తొట్టి, దాని వెనక బర్రెల కొట్టం. సడక్ మీది నుంచి ఆ మూలకు పోవడానికి ఉన్నది ఒకటే, బర్రెలు తొక్కి తొక్కి చేసుకున్న బాట.

అది మనిషి వేసిన బాట కాదు. ఒకప్పుడు దాని మధ్యలో తుమ్మ చెట్టు ఉండేదట. దాన్ని కొట్టేసి, మొద్దు కూడా తవ్వి తీసేసి చాలా ఏళ్లయింది. అయినా బర్రెలు ఆ చోటికి రాగానే ఎడమకు వంగి, అక్కడ లేని చెట్టును చుట్టుకుని, మళ్లీ తిన్నగా నడిచేవి. కొత్తగా కొన్న బర్రె కూడా ముందుదాని తోక చూసుకుంటూ అదే వంపు తిరిగేది. నవ్వుతారేమో గానీ, పాల బిందె నెత్తిన పెట్టుకుని నేను కూడా అక్కడ వంగే నడిచేదాన్ని.

మొత్తం తొమ్మిది బర్రెలు. అందులో రెండు నా పుట్టింటి నుంచి నాతో వచ్చినవి. వాటిలో ఒకదానికి ఎడమ కొమ్ము విరిగి ఉండేది, మంద మొత్తానికీ అదే పెద్ద. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి నేనూ అత్తమ్మా కలిసి పాలు పిండేవాళ్లం. మామ పోయాక అత్తమ్మ మోకాళ్లు మొరాయించాయి, ఇక నేనొక్కదాన్నే. ఇంట్లో మగవాళ్లు ఇద్దరు. బావ, అంటే మా ఆయన అన్న, అఫ్జల్‌గంజ్‌లో తవుడూ తెలగపిండీ అమ్మే కొట్టు నడిపేవాడు. మా ఆయన దఫ్తర్‌లో గుమాస్తా. పెండ వాసన బట్టలకు పడుతుందని కంచ వైపు తొంగి చూసేవాడు కాదు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆయన కొట్టం దాకా వచ్చింది నేను ఒక్కసారి కూడా చూడలేదు. నేను పిండుకొచ్చిన పాలతో చాయ్ మాత్రం రోజుకు నాలుగుసార్లు తాగేవాడు.

తెలుగు వాళ్లందరికీ కలిపి రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగస్తులు దిగుతున్నారు, ఇళ్ల జాగాల కోసం తిరుగుతున్నారు. ఒకరోజు అన్నం తింటూ బావ ఆ మాట ఎత్తాడు. బావ నాతో నేరుగా మాట్లాడేవాడు కాదు. తమ్ముడి భార్యతో ఎదురుగా మాట్లాడటం మా ఇళ్లలో మర్యాద కాదు. నాకు చెప్పాల్సిందైనా అత్తమ్మకే చెప్పేవాడు, నేను గడప ఇవతల నిలబడి వినేదాన్ని.

"అవ్వా, కంచను ముక్కలు జేసి హర్రాజు పెడదామనుకుంటున్న. గడ్డి మేపే కాలం పోయింది. జాగలకు మస్తు మంది తిరుగుతున్నరు" అన్నాడు.

హర్రాజు అంటే వేలం. అత్తమ్మ అన్నం కలుపుతున్న చేయి ఆపింది. మా ఆయన మాత్రం "అన్న చెప్పేది కరెక్టే" అన్నాడు. ఆయనకు అన్న చెప్పేది ఎప్పుడూ కరెక్టే.

"అత్తమ్మా, మరి బర్లు యాడికి పోవాలె? అఫ్జల్‌గంజ్ కొట్ల కట్టేస్తరా?" అని నేనూ అత్తమ్మకు చెప్పినట్టే అన్నాను.

రెండు రోజులు ఇంట్లో లొల్లి. ఆ రెండు రోజులూ నేను పొయ్యి మీద చాయ్ పెట్టలేదు. పాలన్నీ హోటళ్లకు పోసి ఖాళీ బిందెతో ఇంటికి వచ్చాను. మూడో రోజు మా ఆయన దిగి వచ్చాడు. కంచ ఏడు ముక్కలు అవుతుంది, ఆరు హర్రాజుకు పోతాయి, ఏడోది, బావీ తొట్టీ కొట్టం ఉన్న మూల, అమ్మరు.

"గా మూల నీ పేరు మీదనే రాయిస్త. అన్న గూడ ఒప్పుకున్నడు. ఇగ ఫికర్ ఏంది నీకు?" అన్నాడు.

నాకు కావలసింది అదొక్కటే. నీళ్లుండి, బర్రెలు నిలబడటానికి ఇంత నీడ ఉంటే మేత ఎక్కడి నుంచైనా తెప్పించుకోవచ్చు. ఆ తొమ్మిది బర్రెలూ ఆ బావి దగ్గరే ఉండాలి, నా చేతి కిందే ఉండాలి. మిగిలిన కంచను ఎవరికి అమ్ముకుంటే నాకేమి? అంత సంతోషంలో ఏడు ముక్కల నక్షా ఒక్కసారి పరచి చూపించమని కూడా నేను అడగలేదు. చూపించాలని వాళ్లకూ తోచలేదు.

హర్రాజుకు ముందు గిర్దావరు వచ్చి భూమి చూడాలి. గిర్దావరు అంటే భూముల హద్దులు చూసి రాసుకుపోయే సర్కారు ఉద్యోగి. ఆయన రేపు వస్తాడని ముందు రోజు కబురొచ్చింది. బావకు కొట్లో సరుకు దిగేది ఉంది. మా ఆయనకు దఫ్తర్‌లో సెలవు దొరకదట. "ఇంటి తరఫున ఎవలన్న ఒకలు ఉండి దస్తఖత్ పెడితే సాలట అవ్వా" అన్నాడు బావ. నేను నాలుగో తరగతి దాకా చదువుకున్నాను. గుండ్రంగా, తలకట్టు చెదరకుండా సంతకం పెట్టగలను. మా వీధిలో ఆడవాళ్లు చాలామంది వేలిముద్ర వేసేవాళ్లే, అందుకని నా సంతకం మీద నాకు కొంచెం పొగరుండేది.

మర్నాడు పొద్దున పాలు పిండగానే చీపురు పట్టుకున్నాను. సడక్ నుంచి కొట్టం దాకా ఆ బాట మీద ఉన్న పెండంతా ఎత్తి పిడకల కుప్పలో వేశాను. గిట్టలు దిగిన గుంటల్లో బూడిద పోసి తొక్కాను. దాని మీద నిరుటి ఎండు గడ్డి తెచ్చి పొడుగునా చల్లాను. వెనక్కి తిరిగి చూస్తే నాకే బాట కనిపించలేదు. మామ చెప్పిన మాట ఒక్కటే నా బుర్రలో తిరుగుతోంది. ఎడమ వైపు ఉన్న మట్టి దారి కూడా ఒకప్పుడు పక్క కంచ వాళ్ల సొంత బాటే. వాళ్లు తెలియక చూపించారు, సర్కారు వాళ్లు రాసుకున్నారు, ఇప్పుడు దాని మీద ఊరి బండ్లన్నీ పోతున్నాయి. అంత తెలివితక్కువ పని నేను చేస్తానా?

గిర్దావరు పెద్దాయన. గొడుగు వేసుకుని, గొలుసు పట్టే మనుషులిద్దరితో వచ్చాడు. కొలతలన్నీ అయ్యాక నన్ను పిలిచి అడిగాడు.

"అమ్మా, దీంట్లకెల్లి ఎవలన్న నడుస్తరా? బాట ఏమన్న ఉన్నదా?"

"బాట ఏడిది సారూ? అంతా గడ్డే గదా, సూడుండ్రి."

ఆయన గడ్డి వైపు చూశాడు. తర్వాత మూలన ఉన్న కొట్టం వైపు చూశాడు. "మరి మీ బర్లు కొట్టంలకు ఎట్ల పోతయమ్మా?"

"యాడికెల్లి బుద్ధి పుడితే గాడికెల్లి పోతయి. బర్లకు బాటేంది సారూ?"

ఆయన నవ్వి, చూసిందీ విన్నదీ పంచనామాగా రాశాడు. అది ఉర్దూలో ఉంది, నాకు రాదు. తెలుగులో చదివి వినిపించమన్నాను. ఈ భూమిలో రాకపోకల బాట ఏదీ లేదని, ఎవరికీ నడిచే హక్కు లేదని చదివాడు. ఆ వాక్యం ఇంకోసారి చదివించుకుని, కొట్టం గుంజకు కాగితం ఆనించి సంతకం పెట్టాను. ఇంటికెళ్లి చెప్తే అత్తమ్మ "మీ మామ ఉంటే మురిసిపోతుండె బిడ్డా" అంది. ఆ సాయంత్రం కొమ్ము విరిగిన బర్రెకు దాణాలో ఇంకో దోసెడు తెలగపిండి వేశాను. అంత గెలిచాననుకున్నాను.

వారం రోజులు డప్పు కొట్టించి చాటించారు. హర్రాజు నాడు పొద్దున్నే అద్దె కుర్చీలు దిగాయి, షామియానా దిగింది. గడ్డి దుబ్బులు లేని చదును జాగా కోసం మనుషులు అంతా తిరిగి చూసి, చివరికి దాన్ని తెచ్చి సరిగ్గా బర్రెల బాట మీద వేశారు. అక్కడ నేల ఎందుకు చదునుగా ఉందో వాళ్లెవరూ ఆలోచించలేదు. వచ్చేవాళ్లకు వాసన తగలకూడదని బావ హుకుం. అందుకని తొమ్మిది బర్రెల్నీ సడక్ అవతల చింత చెట్ల కింద కట్టేయించాడు. నేనూ అత్తమ్మా కొట్టంలో కూర్చోవాలి, బయటికి రాకూడదు. పదింటికి మొదలుపెడతానన్న హర్రాజు ఆయన ఒంటిగంటకు రిక్షాలో దిగాడు. మనిషి బక్కగా ఉన్నాడు గానీ గొంతు మాత్రం గుండ్లకు తగిలి తిరిగొచ్చేది.

ఒకటో ముక్క, రెండోది, మూడోది పోయాయి. ఆ మూడూ మట్టి దారి వైపువి. నేను కొట్టం గోడకు ఆనుకుని చెవులు రిక్కించి వింటున్నాను. నాలుగోది వచ్చింది.

"నంబర్ చార్! సడక్ మీద మొఖం, గుండ్ల దాక లోతు! దీంట్ల బాట లేదు, పేచీ లేదు, ఎవ్వలికి నడిచే హక్ లేదు! గిర్దావర్ సాబ్ పంచనామా ఉన్నది, ఇంటామె దస్తఖత్ ఉన్నది! సుట్టూత గోడ పెట్టుకో, గేటు పెట్టుకో, రాజా లెక్క ఉండు! బోలో భాయ్, బోలో!"

సుట్టూత గోడ. ఆ మాట చెవిలో పడ్డాక గానీ నా బుర్ర పనిచేయలేదు. బాట మొత్తం నాలుగో ముక్కలోనే ఉంది. నాలుగో ముక్క చుట్టూ గోడ లేస్తే నా ఏడో ముక్కకు వెనక గుండ్లు, కుడి వైపు నవాబు ప్రహరీ, ఎడమ వైపూ ముందూ కొన్నవాడి గోడ. బావి నాదే, కొట్టం నాదే, లోపలికి పోవడానికి మాత్రం దారి లేదు. కంచంతా మా ఒక్కరి చేతిలో ఉన్నన్నాళ్లు దాచిన బాట మాదే. అమ్మేసిన నాడు అది కొన్నవాడిది. మామ ఈ సంగతి చెప్పలేదు, ఎందుకంటే అమ్మే రోజొకటి వస్తుందని ఆయన అనుకోలేదు. నేనైనా ఆలోచించాలి కదా! రోజుకు నాలుగుసార్లు ఆ బాట మీద నడిచే మనిషిని కదా!

పాట పెరుగుతోంది. గోడ పెట్టుకోవచ్చన్న మాటకే పెరుగుతోంది. ఎక్కువగా పాడుతున్నది కట్టెల డిపో నడిపే ఒక సేటు. దుంగలు దింపుకోవడానికి నాలుగు వైపులా మూసి ఉన్న జాగా ఆయనకు కావాలి. నేను కొంగు నెత్తి మీదకు లాక్కుని షామియానా వెనక్కి వెళ్లి మా ఆయనను పిలిచాను.

"ఇగో, ఇంటున్నరా? హర్రాజు ఆపమనుండ్రి. బర్ల బాట గీ ముక్కల్నే ఉన్నది."

"ఇప్పుడా చెప్పేది? నువ్వే గదా లేదని దస్తఖత్ పెట్టినవ్?"

"పెట్టిన. మామ మాట వట్టుకొని పెట్టిన. బాట మందం జాగ ఇడిసిపెట్టి అమ్ముండ్రి."

"సరే సరే, ఇంట్ల మాట్లాడుకుందం" అన్నాడు. అటూ ఇటూ చూసుకుంటున్నాడు, దఫ్తర్ వాళ్లెవరైనా విన్నారేమోనని.

"గోడ లేశినంక ఇంట్ల మాట్లాడి ఏం జేద్దం?"

బావ అక్కడి నుంచే తల తిప్పకుండా గట్టిగా అన్నాడు. "తమ్మీ, ఆడోళ్లను కొట్టంల కూసొమ్మను."

అప్పుడు నాకు తిక్క రేగింది. తొమ్మిదేళ్లుగా గడప ఇవతల నిలబడి, అత్తమ్మకు చెప్పినట్టు చెప్పి, అత్తమ్మకు చెప్పినట్టు విని విసిగిపోయిన తిక్క అదంతా. షామియానా ముందుకొచ్చి నిలబడ్డాను. బావ ముందు అలా నిలబడటం అదే మొదలు.

"బాట ఉన్నది! గీ నాలుగో ముక్కలకెల్లే ఉన్నది!" అన్నాను.

హర్రాజు ఆయన కాగితం ఎత్తి పట్టుకున్నాడు. "అమ్మా, గీ దస్తఖత్ మీదేనా?"

"నాదే. అబద్ధం పెట్టిన."

ఎవరో కిసుక్కుమన్నారు. గిర్దావరు ముందు కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. ఆయన ముఖం ముడుచుకుంది. "నేను కండ్లార సూసి రాసిన. గడ్డి తప్ప ఏం లేకుండె. ఇప్పుడు మాట మారిస్తె ఎట్లమ్మా?"

చూపిద్దామంటే ఏం చూపించాలి? నేనే ఊడ్చాను, నేనే బూడిద పోశాను, ఈ వారంలో మళ్లీ పడ్డ గిట్టల గుర్తులు షామియానా కింద, జనం కాళ్ల కింద కలిసిపోయాయి. అప్పటికి మూడయింది. సడక్ అవతల నుంచి బర్రెల అరుపులు వినిపిస్తున్నాయి, పొదుగులు నిండిన అరుపులు. సడక్ దాటిపోయి, కొమ్ము విరిగినదాని పలుపు విప్పాను. తర్వాత మిగిలిన వాటివి.

అవి పరుగెత్తలేదు. నేను తోలలేదు, ఒక్క మాట కూడా అనలేదు. కొమ్ము విరిగినది ముందు, మిగిలిన ఎనిమిదీ దాని వెనక వరసగా సడక్ దాటి, షామియానా గుంజల మధ్య నుంచి లోపలికి నడిచాయి. కుర్చీలు రెండు వైపులా పడిపోయాయి. మనుషులు ధోవతులు ఎత్తిపట్టుకుని గెంతారు. హర్రాజు ఆయన బల్ల ఒరిగి కాగితాలు ఎగిరాయి. సరిగ్గా షామియానా మధ్యకు వచ్చాక ఆ బర్రె ఎడమకు వంగింది. అక్కడ ఖాళీ నేల తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీని చుట్టి, మళ్లీ తిన్నగా కొట్టం వైపు పోయింది. రెండోదీ అక్కడే వంగింది. మూడోదీ. తొమ్మిదీ.

నవ్వులు ఆగిపోయాయి. పాల వ్యాపారం తెలిసినవాళ్లు నలుగురైదుగురు ఆ గుంపులో ఉన్నారు, వాళ్లు తలలూపారు. గిర్దావరు లేచి నిలబడి ఆ వంపు వైపే చూస్తున్నాడు. ఆ ఒక్క నిమిషం నేను గెలిచాననే అనుకున్నాను.

హర్రాజు ఆయన కాగితాలు ఏరుకుని దులుపుకున్నాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు. "సమజ్ అయింది బహెన్. బర్లు నిజమే చెప్పినయి. కని బర్లు దస్తఖత్ పెట్టయి గదా? నేను కాగితం సదివి హర్రాజు పలుకుత."

సేటు మంచివాడే, ఆ మాట చెప్పాలి. ఆయన బావతో అన్నాడు. "బాట ఉన్నదంటె ఉన్నదని చెప్పుండ్రి. బాట మందం ఇడిసి, దానికి తగ్గట్టు పాడుత. లేదంటె ఇప్పుడు పాడిన పాటే ఖాయం. ఏదన్న ఒకటి చెప్పుండ్రి."

బావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "లేదు. పంచనామాల ఉన్నదే నిజం."

సేటు మా ఆయన వైపు తిరిగాడు. "మీరేమంటరు సాబ్? మీ ఇంటామె గదా. బాట ఉన్నదా, లేదా?"

ఆయన ఉన్నదంటే చాలు. ఒక్క మాట. బావ కోపగించుకునేవాడు, నాలుగు రోజులు ఇంట్లో ముఖాలు మాడేవి, అంతే. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. వాటి మీద బర్రెలు రేపిన దుమ్ము పడి ఉంది.

"నేనెన్నడు ఆ దిక్కు పోలే. నాకు తెల్వదు" అన్నాడు.

అది అబద్ధం కాదు. అందుకే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నేను అబద్ధమాడి పోగొట్టాను, ఆయన నిజం చెప్పి పోగొట్టాడు. నాది తెలివితక్కువతనం అనుకుంటే సరిపోతుంది, ఆయనదానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియలేదు.

"ఏక్... దో... తీన్!"

బల్ల మీద చెయ్యి చరిచిన చప్పుడు కొట్టంలోకి వినిపించింది. నేను అప్పటికే కొమ్ము విరిగినదాని కింద కూర్చుని పాలు పిండుతున్నాను. పొదుగు గట్టిగా గుంజేసరికి అది కాలు కదిపింది. దాన్ని ఎప్పుడూ కొట్టని దాన్ని, ఆ రోజు తొడ మీద ఒక్కటేశాను. అది తల తిప్పి నన్ను చూసి మళ్లీ దాణాలో మూతి పెట్టింది. ఏడుపొచ్చింది. అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని వచ్చి నా వెనక నిలబడింది.

సేటు గోడ కట్టేదాకా బర్రెల్ని రానిచ్చాడు. ఇరవై రోజులు పట్టింది. కోర్టుకు పోదామని నేనంటే, నా దస్తఖతే నా మీద నిలబడుతుందని మా ఆయన దఫ్తర్‌లో కనుక్కొచ్చి చెప్పాడు. ఇలాంటివి మాత్రం బాగా కనుక్కుంటాడు. ఏడో ముక్క కాగితం నా పేరు మీదే వచ్చింది. బావ మాట తప్పలేదు. అత్తమ్మ చేతికిచ్చి "బిడ్డకియ్యి" అన్నాడు. బావి, తొట్టి, కొట్టం, అన్నీ అందులో వరసగా రాసి ఉన్నాయి.

గోడ పూర్తయిన రోజు మధ్యాహ్నం బర్రెలు మేత నుంచి తిరిగి వచ్చాయి. ఎప్పటిలాగే సడక్ దిగి ఆ చోట మళ్లాయి. కొమ్ము విరిగినది గోడకు మూతి ఆనించి నిలబడింది. మిగిలినవి దాని వెనక వరసగా నిలబడ్డాయి. నేను అదిలించాను, తోక మెలిపెట్టాను. అది కదలలేదు. గోడ అవతల బావి నీళ్ల వాసన దానికి తెలుస్తోంది. గేటుకు ఎప్పుడూ తాళమే కాబట్టి, సేటును అడిగి ముందు గోడకూ వెనక గోడకూ ఇవతల ఒకటి, అవతల ఒకటి నిచ్చెనలు వేయించుకున్నాను. గోడ ఎక్కి, నాలుగో ముక్క దాటి, వెనక గోడ కూడా ఎక్కి దిగి, చేదతో నీళ్లు తోడి బిందెలు మోసుకొచ్చి సడక్ పక్కన గాబులో పోసేదాన్ని. తొమ్మిది బర్రెలు ఎంత నీళ్లు తాగుతాయో మోసినవాళ్లకు తెలుస్తుంది. రెండు నెలలు మోశాను. పంతం కొద్దీ మోశాను. ఆ రెండు నెలల్లో మా ఆయన "నీకెందుకే గీ పరేషానీ, అమ్మెయ్యరాదు" అని ఎన్నిసార్లన్నాడో లెక్క లేదు. ఒక్క బిందె అందుకోలేదు.

చలి మొదలయ్యేసరికి ఏడు బర్రెల్ని అమ్మేశాను. పుట్టింటి రెండింటినీ పుట్టింటికే తోలించాను. బర్రెలు లేని బావి నాకెందుకు? సేటుకు దుంగలు తడపడానికి నీళ్లు కావాలట, అడిగాడు. సరే తీసుకొమ్మన్నాను.

ఆ అమ్మకానికి కూడా పంచనామా కావాలి. మళ్లీ ఆ గిర్దావరే వచ్చాడు. ఈసారి మా ఆయన సెలవు పెట్టి నాతో వచ్చాడు, ధోవతి ఎగదోపి నిచ్చెన ఎక్కి దిగాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు మా కొట్టాన్ని ఆయన చూడటం అదే మొదటిసారి. ఖాళీ గుంజల మధ్య నిలబడి "ఇంత పెద్దగున్నదా!" అన్నాడు.

గిర్దావరు చుట్టూ ఒకసారి చూశాడు. గుండ్లు, ప్రహరీ, సేటు గోడ. ఆయన నన్నేమీ అడగలేదు. అడగకుండానే రాసి, తెలుగులో చదివి వినిపించాడు. అదే వాక్యం. ఈ భూమికి రాకపోకల బాట ఏదీ లేదు.

కాగితం అందుకుని అదే గుంజకు ఆనించి సంతకం పెట్టాను. ఈసారి అందులో అబద్ధమేమీ లేదు.